డిఫాల్ట్‌లో నాయనమ్మ

రెండో సంవత్సరం సంక్రాంతి సెలవులకి ఊరెళ్తూ, సీనియర్ అన్న దగ్గర చవగ్గా కొన్న ల్యాప్‌టాప్ పట్టుకెళ్లాను. ముసలి మిషను. మౌస్‌తో ఏది తెరిచినా దణ్ణం పెట్టుకుని కూర్చోవాలి. అందుకే ఉబుంటు వేసుకుని పనులన్నీ టెర్మినల్లోనే కానిచ్చేవాణ్ణి.

మా నాయనమ్మకి కలుపుతీతల పాట ఒకటి వచ్చు. మిరపచేలో వంగుని ఒకరు అంటుంటే పదిమంది అందుకునే పాట. ఇప్పుడు అందుకునేవాళ్లు లేరు. కనుమ నాడు మధ్యాహ్నం అరుగు మీద కూర్చోబెట్టి, ఎరికార్డ్ అని కొట్టి, ఫైలుకో పేరిచ్చి ఎంటర్ నొక్కాను. పదకొండు నిమిషాలు పాడింది. రెండుసార్లు దగ్గింది, ఒకసారి కోడిని అదిలించింది. కంట్రోల్ సీ కొట్టి ఆపేశాను.

హాస్టల్‌కొచ్చి ఎప్లేతో వింటే గొంతు బావిలోంచి వస్తున్నట్టుంది. వెనక ఒకటే బుస.

తప్పు నాదే. మనం ఏమీ చెప్పకపోతే ఎరికార్డ్ 8 బిట్లలో, సెకనుకి 8000 శాంపిళ్లతో, మోనోలో తీస్తుంది. దాచిపెట్టి చేసిన మోసం కూడా కాదు, ఎంటర్ కొట్టగానే ఆ సంగతి స్క్రీన్ మీద ఒక లైన్లో రాసి మరీ మొదలెడుతుంది. చదివిందెవడు! పక్కన ‘హైఫన్ ఎఫ్ సీడీ’ అని చిన్న ముక్క తగిలించుంటే 16 బిట్లు, 44100 శాంపిళ్లు, స్టీరియో వచ్చేవి. ఫైలు 5 ఎంబీ బదులు 116 ఎంబీ అయ్యేది, అంతే.

నైక్విస్ట్ సూత్రం పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. 8000 శాంపిళ్లంటే 4000 హెర్ట్జ్ పైనున్నదేదీ ఫైల్లోకి రాదు. ‘స’లోని సవ్వడి చాలావరకు ఉండేది ఆ పైనే. సాక్స్‌తో బుస తగ్గించి చూశాను. తగ్గింది గానీ గొంతు నీళ్లలో మునిగినట్టయింది. రానిదాన్ని ఏ కమాండూ తేలేదు.

మూడో చరణం చివర ఒక మాట దగ్గర ఆగిపోయాను. అది ‘సాలు’ అయితే పక్క సాలులోకి రమ్మంటున్నారు. ‘చాలు’ అయితే ఇక ఇంటికి పొమ్మంటున్నారు. పాట అర్థమే మారిపోతుంది.

మొన్న సంక్రాంతికి ఈసారి అన్నీ సరిచూసుకుని మళ్లీ పాడించాను. గొంతు అద్దంలా వచ్చింది. కానీ నాయనమ్మ రెండో చరణం నుంచి నేరుగా నాలుగోదానికి వెళ్లిపోయింది. మూడోది ఉందని చెప్తే, ‘‘అట్టాంటిదేం లేదురా అబ్బాయ్’’ అంది.

పాత ఫైలు తీసి, ప్లే కమాండ్‌కి ట్రిమ్ తగిలించి ఆ ఐదు సెకన్లు వినిపించాను. చెవి దగ్గరికి తెచ్చుకుని విని, ‘‘ఇది మా అమ్మ గొంతుగదరా, నీకెక్కడ దొరికింది?’’ అంది.

‘‘నువ్వే నాయనమ్మా, పోయినేడు ఈ అరుగు మీదే పాడావు.’’

నమ్మలేదు. ‘‘మళ్లీ పెట్టు’’ అంది. పై బాణం, ఎంటర్. పై బాణం, ఎంటర్. ఏడుసార్లు పెట్టాక అడిగాను, ‘‘సాలు అంటుందా, చాలు అంటుందా?’’

‘‘మా అమ్మైతే సాలు అనే అనేది.’’

నోట్‌బుక్కులో సాలు అని రాసుకున్నాను, పెన్సిల్‌తో.