మగణాలు మూడు

మా ఇంట్లో బీరువా పక్కన, పాత కుట్టుమిషను బల్ల మీద ఒక లాప్‌టాప్ రాత్రింబవళ్ళు పనిచేస్తూ ఉంటుంది. మా అబ్బాయి అమెరికా వెళ్ళేటప్పుడు వదలి వెళ్ళినది. మూత వేసినా ఆగిపోకుండా వాడే ఏదో అమర్చాడు. మా నర్సీపట్నంలో గాలివానకు కరెంటు పోయినా ఒక గంటన్నర దాని బ్యాటరీయే దానికి అండ. వాడు దానిని సర్వర్ అంటాడు. నాకు మాత్రం అది మా ఆవిడ పాటల పెట్టె.

పెళ్ళయిన కొత్తలో ఆమెకు ఈ పాటలు సేకరించే అలవాటు లేదు. నేను గొలుగొండ వైపు బడిలో పనిచేస్తున్నప్పుడు పక్కింటి ముసలమ్మ నోట ఒక దంపుళ్ళ పాట విని నోటుపుస్తకంలో వ్రాసుకున్నది. అది మొదలు. తరువాత నాకు ఎక్కడికి బదిలీ అయితే అక్కడ, నాతవరంలోను, రోలుగుంటలోను, మాకవరపాలెంలోను, ఊడుపుల కాలంలో గట్ల మీద కూర్చుని వ్రాసుకునేది. జోలపాటలు, నలుగు పాటలు, అప్పగింతల పాటలు, ఊడుపు పాటలు. తెలుగు పండితుణ్ణి నేను, సేకరణ ఆమెది. బళ్ళో పిల్లలకు ఉత్పలమాల గణవిభజన చెప్పి ఇంటికి వచ్చేవాణ్ణి. ఆమె అప్పటికి ఏ గణానికీ లొంగని పాటను రాగయుక్తంగా పాడి, దీనికి మీ లక్షణమేమిటండీ అని అడిగేది. నేను తడబడేవాణ్ణి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. మాకూ పెంకులు లేచిపోయినవి. పదకొండు నోటుపుస్తకాలలో ఏడు తడిసినవి. ఆమె ఇంకు పెన్నుతో వ్రాసేది కనుక అక్షరాలు కరిగి నీలి మేఘాలలాగా మిగిలినవి. ఆరబెట్టిన తరువాత కూర్చుని, చదవడానికి వీలుకాని చోట్ల జ్ఞాపకం మీద చెప్పింది. నేను దిద్దేసిన పాత పరీక్ష పేపర్ల వెనక వైపు వ్రాసుకున్నాను. ఆమె పోయిన తరువాత, స్కాను చేసిన ఒక్కొక్క పేజీ కింద ఆ పంక్తులను, పాడినవారి ఊరును, సందర్భాన్ని టైపు చేశాను. పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పరీక్ష పేపర్లు తరువాత చెదల పాలైనవి. అంటే ఆమె నోటితో చెప్పిన ఆ పంక్తులు కాగితం మీద ఇక ఎక్కడా లేవు, ఆ లాప్‌టాప్‌లో తప్ప. ఈ సంగతి ముందుగా ఎందుకు చెబుతున్నానంటే, కిందటి నెలలో ఒక ఆదివారం నేను చేసిన నిర్వాకం ఎంతటిదో చదువరులకు తెలియడానికి.

ఆ రోజు కొత్తగా ఒక చిన్న పుస్తకం దొరికింది. ఆమె చెల్లెలి ఇంట్లో ఉండిపోయినది, నలభై ఆరు పేజీలు. జిరాక్సు షాపులో స్కాను చేయించి పెన్ డ్రైవులో తెచ్చాను. మామూలుగా నా బల్ల మీది కంప్యూటరు నుండి నెట్‌వర్కు గుండా ఒక ఫోల్డరులో పడవేస్తే, సర్వర్‌లోని ప్రోగ్రాము వాటిని తీసుకుని, తన గదిలో సర్దుకుని, ఆ ఫోల్డరును ఖాళీ చేస్తుంది. ఆ రోజు తొందర. పెన్ డ్రైవును నేరుగా లాప్‌టాప్‌కే గుచ్చి, మా వాడు నేర్పిన "సూడో" అనే మంత్రం ముందు పెట్టి మొత్తం ఫోల్డరును నకలు చేశాను. సూడో అంటే ఆ ఒక్క ఆజ్ఞకు నేనే సర్వాధికారిని అని చెప్పడం. సర్వాధికారి చేత పుట్టిన దస్త్రాలకు యజమాని సర్వాధికారే అవుతాడు గదా. ఆ చిన్న సంగతి నాకు తట్టలేదు.

ప్రోగ్రాము పేజీలను చూసింది, చదివింది, కాని అక్కడి నుండి తీయలేకపోయింది. "అనుమతి నిరాకరించబడినది" అని చిట్టాలో నలభై ఆరుసార్లు వ్రాసింది.

ఇక్కడ కొంచెం ఆగి ఈ అనుమతుల సంగతి చెప్పాలి. యూనిక్స్ సంప్రదాయంలో ప్రతి దస్త్రానికీ ముగ్గురితో సంబంధం: యజమాని, అతని సమూహం, ఇతరులు. మన వ్యాకరణంలోని ఉత్తమ, మధ్యమ, ప్రథమ పురుషలే అనుకోండి. ఒక్కొక్కరికి మూడు హక్కులు: చదవడం, వ్రాయడం, నడపడం. ఒక్కొక్క హక్కు ఉండవచ్చు, లేకపోవచ్చు. మూడు స్థానాలు, ఒక్కొక్క స్థానంలో రెండే అవకాశాలు. ఛందస్సు చెప్పిన ఏ పంతులుకైనా ఇక్కడ చెవులు నిక్కబొడుచుకుంటాయి. మూడక్షరాలు, ఒక్కొక్కటి గురువో లఘువో, మొత్తం ఎనిమిది. అవే మన ఎనిమిది గణాలు!

హక్కు ఉంటే గురువు, లేకుంటే లఘువు అనుకుని చూడండి. చదవడానికి 4, వ్రాయడానికి 2, నడపడానికి 1 అని వారి లెక్క. మూడూ ఉంటే 7, అది సర్వగురువు, మగణం. ఏదీ లేకుంటే సున్న, నగణం. చదవడం, వ్రాయడం మాత్రమే ఉంటే 6, గురువు గురువు లఘువు, తగణం. చదవడం, నడపడం ఉంటే 5, గురువు లఘువు గురువు, రగణం. ఒక్క చదవడమే ఉంటే 4, భగణం. 755 అనే సంఖ్యను మా వాడు చెప్పినప్పుడల్లా నాకు గుర్తుండేది కాదు. మ-ర-ర అనుకున్న తరువాత మరచిపోలేదు. 644 అంటే త-భ-భ. వాడికి చెబితే ఫోనులోనే చాలాసేపు నవ్వాడు, తరువాత తన స్నేహితులకు చెప్పుకున్నాడట.

ఇంకొక సూక్ష్మం. ఒక దస్త్రాన్ని తీసివేయడానికి ఆ దస్త్రం మీద హక్కు అక్కరలేదు, అది ఉన్న ఫోల్డరు మీద వ్రాసే హక్కు కావాలి. మొదట ఇది విడ్డూరంగా తోచింది. కాని బడిలో పిల్లవాడి పేరు కొట్టివేయాలంటే హాజరుపట్టీ మీద వ్రాసే అధికారం కావాలి గాని పిల్లవాడి మీద అధికారంతో పనేమి? ఫోల్డరు హాజరుపట్టీ వంటిది. నేను తెచ్చిన ఫోల్డరు సర్వాధికారి పేర ఉన్నది. అందుకే ప్రోగ్రాము పేజీలను చదవగలిగింది, తీయలేకపోయింది.

ఇంత వివరం ఇప్పుడు చెబుతున్నాను గాని, ఆ ఆదివారం నాకు తెలిసినది ఒక్కటే. అంతర్జాలంలో ఎవరో వ్రాసిన చిట్కా కనిపించింది: అనుమతి సమస్య అయితే 777 ఇచ్చెయ్యండి. మూడు మగణాలు. అందరికీ అన్ని హక్కులు. అదీ ఆ ఒక్క ఫోల్డరుకు ఇచ్చి ఊరుకున్నానా? రెండు మెట్లు పైన నిలబడి, లోపల ఉన్న వాటన్నిటికీ వర్తించేటట్లు, మా అబ్బాయి హోమ్ డైరెక్టరీ మొత్తానికి ఇచ్చాను. నలభై ఆరు పేజీలూ చకచకా లోపలికి వెళ్ళినవి. నాకు గర్వం కలిగింది. ఆ ఊపులో, చాలా నెలలుగా వాయిదా పడుతున్న అప్‌డేట్ కూడా నేనే చేసేద్దామని కూర్చున్నాను.

కంటైనర్లు అంటే ఏమిటో మా వాడు మొదట చెప్పినప్పుడు ఓడలలో వచ్చే ఇనుప పెట్టెలు అనుకున్నాను. పేరు అక్కడిదే. కాని నాకు తోచిన పోలిక వేరు: ఒకే ఇంట్లో వాటాలు. నుయ్యి ఒక్కటే, అది లినక్స్ కెర్నల్. ఎవరి వంట వారిది, ఎవరి సామాను వారిది, ఒకరి గొడవ ఒకరికి పట్టదు. డాకర్ అనే సాధనం 2013లో వచ్చి ఈ పద్ధతిని ఇంటింటికీ తెచ్చింది. అప్‌డేట్ అంటే ఆ వాటాలోని వారికి కొత్త బట్టలు కుట్టించడం కాదు, పాతవారిని ఖాళీ చేయించి కొత్తవారిని దింపడమే. బయట కొట్టుగదిలో దాచిన సామాను మాత్రమే నిలుస్తుంది.

నా పాటల ప్రోగ్రాము ఒక వాటా. దాని సమాచారాన్ని దాచే డేటాబేసు, పోస్ట్‌గ్రెస్, ఇంకొక వాటా. అమరిక దస్త్రంలో పోస్ట్‌గ్రెస్ పేరు పక్కన సంఖ్య వ్రాసి ఉండవలసిన చోట "లేటెస్ట్" అని ఉన్నది. అది వ్రాసినది నేనే, ఒకసారి ఏదో ప్రయోగం చేసి మార్చడం మరచిపోయాను. లేటెస్ట్ అంటే ఏది కొత్తదైతే అది తీసుకురమ్మని. ఉన్నది పదహారవది. వచ్చినది పదిహేడవది. పోస్ట్‌గ్రెస్‌లో ప్రధాన సంఖ్య మారితే పాత కొట్టుగదిని కొత్తవాడు తెరవడు. ఆ గది పదహారవ వాడు సర్దినది, నేను పదిహేడవ వాడిని, మాకు పొసగదు అని చిట్టాలో వ్రాసి ఆగిపోతాడు.

పాటల పేజీ తెరిచాను. తెల్లటి తెర. కింద ఒక దోషవాక్యం.

రాత్రి పూట జరుగుతున్న నకలు గుర్తుకు వచ్చి కొంత ధైర్యం తెచ్చుకున్నాను. చూస్తే అది స్కాను బొమ్మలను మాత్రమే ఇంకొక డిస్కుకు చేరవేస్తున్నది. నేను టైపు చేసిన వ్యాఖ్యలు డేటాబేసులో ఉన్నవి, వాటికి నకలు లేదు. కూర్చున్న కుర్చీలోనే చాలాసేపు ఉన్నాను. భోజనానికి లేవలేదు.

రాత్రి తొమ్మిదిన్నరకు, అక్కడ తెల్లవారాక, మా అబ్బాయి ఫోను చేశాడు.

"నాన్నగారూ, నేను లోపలికి వచ్చి చూస్తాను, మీరు కంగారు పడకండి" అన్నాడు. రెండు నిమిషాలు ఊరుకుని, "నన్ను రానివ్వడం లేదు నాన్నగారూ. మీరు ఏమైనా మార్చారా?"

"ఏమీ మార్చలేదురా. అందరికీ అనుమతులిచ్చాను" అన్నాను.

"అందరికీ అంటే?"

"మూడు మగణాలు."

అవతల మాట లేదు.

వాడు దూరం నుండి వచ్చే దారికి తాళంచెవి ఒక దస్త్రం. దానిని సరిచూసే కావలివాడు చెవి సరిపోతుందా అని మాత్రమే చూడడు, ఆ వివరాలు ఉన్న గదిలోకి వాడు తప్ప ఇంకెవరైనా చేయి పెట్టగలరా అని కూడా చూస్తాడు. పెట్టగలిగితే ఆ చెవినే నమ్మడు. నేను ఇంటి తలుపులన్నీ బార్లా తెరవడంతో మా వాడికే ప్రవేశం లేకుండా పోయింది. సంకేతపదంతో వచ్చే దారిని భద్రత కోసం వాడే ముందెప్పుడో మూసేశాడు. ఇక మిగిలినది ఆ లాప్‌టాప్ ముందు కూర్చున్న నేను ఒక్కణ్ణే.

చిట్టా తెరిచి చదివాను. డైరెక్టరీ యాజమాన్యమో అనుమతులో సరిగా లేవు అని స్పష్టంగా ఒక వాక్యం. వాడు ఫోనులో చెప్పేలోగానే నేను చదివి వినిపించాను. అప్పుడు వాడు సంఖ్యలు చెప్పాడు, నేను గణాలు వ్రాసుకున్నాను. హోమ్‌కు మ-ర-ర. చెవుల గదికి మ-న-న, అంటే యజమానికి అన్నీ, ఇతరులకు ఏమీ లేవు. చెవుల దస్త్రానికి త-న-న. మూడవ దాని తరువాత వాడు లోపలికి వచ్చాడు.

"నేను చేస్తాను నాన్నగారూ, మీరు పడుకోండి."

"వద్దు. నువ్వు చూస్తూ ఉండు. నేనే చేస్తాను" అన్నాను.

అమరికలో లేటెస్ట్ చెరిపి 16 అని వ్రాశాను. ఆ వాటాను మళ్ళీ లేపాను. పదిహేడవవాడు గదిని తెరవనే లేదు కనుక లోపల ఏదీ చెదరలేదు. పదహారవవాడు వచ్చి, తన గది తాను తెరుచుకుని, పనిలో కూర్చున్నాడు. ఇంకేమీ చేయకముందే డేటాబేసు మొత్తాన్ని ఒక మామూలు పాఠ్య దస్త్రంగా దింపించాడు మా వాడు. దానిని రెండు పెన్ డ్రైవులలోకి, వాడి దగ్గరకు ఒకటి. పదిహేడుకు మారాలంటే కొత్త ఖాళీ గదిలో ఈ దింపిన దస్త్రాన్ని మళ్ళీ ఎక్కించాలి. పదహారుకు 2028 నవంబరు దాకా మరమ్మతులు వస్తాయి. నాకేమీ తొందర లేదు.

777ను వెనక్కు తీసుకోవడం ఇంకా విసుగు పని. ఏ దస్త్రానికి ముందు ఏ అనుమతి ఉండేదో ఎక్కడా వ్రాసి ఉండదు. ఫోల్డర్లకు మ-ర-ర, దస్త్రాలకు త-భ-భ అని వేరువేరుగా ఇచ్చాం. ఆ త-భ-భ దెబ్బకు రాత్రి నకలు తీసే స్క్రిప్టు నడిచే హక్కు పోగొట్టుకుంది. మర్నాడు ఉదయం నకలు జరగలేదని చూసుకుని దానికి మళ్ళీ నడిచే హక్కు ఇచ్చాను. ఇప్పుడు అది డేటాబేసును కూడా దింపుతున్నది.

నలభై ఆరు పేజీల ఫోల్డరుకు యజమానిని మార్చేటప్పుడు మా వాడు పేరు వ్రాయవద్దు, 1000 అని వ్రాయండి అన్నాడు. కంటైనర్ లోపల ఉన్నవాడి పేరు వేరు, బయట వాడి పేరు వేరు, సంఖ్య మాత్రం ఒకటే. యంత్రం చూసేది సంఖ్యనే. మా వాడి ఖాతా ముందు తెరిచినది కనుక వాడు 1000, నేను 1001. ఒక ఏడాది నా ఎనిమిదో తరగతిలో ముగ్గురు నూకరాజులు ఉండేవారు. అడ్మిషను నంబరు లేకుండా ఎవడికి ఎన్ని మార్కులో తేలేది కాదు.

పన్నెండు దాటింది. వాడు ఆఫీసుకు వెళ్ళాలి. "అమ్మ వ్యాఖ్యలు అన్నీ ఉన్నాయా, ఒకసారి చూడండి" అన్నాడు. ఒక్కొక్కటి తెరిచి చూశాను. నాతవరంలో విన్న ఊడుపు పాట కింద, నీలి మరకలో పోయిన నాలుగు పంక్తులు నేను టైపు చేసినట్లే ఉన్నవి. గొలుగొండ ముసలమ్మ దంపుళ్ళ పాట ఉన్నది. రోలుగుంట అప్పగింతల పాటలో రెండవ చరణం చోట ఖాళీ.

"ఇక్కడ పోయినట్లుందే" అని వాడు కంగారు పడ్డాడు.

"పోలేదురా. అది మీ అమ్మకే జ్ఞాపకం రాలేదు" అన్నాను.