ఒక్క గోలు తీర్పు

మా కళాశాల ఫుట్‌బాల్ జట్టు తనకంటె ఎంతో బలమైన జట్టును 1-0తో ఓడించిన వారంలోనే బాస్కెట్‌బాల్ జట్టు 31 పాయింట్ల తేడాతో ఓడిపోయింది. మొదటివారికి పూలమాలలు, రెండవవారికి మందలింపులు లభించాయి. రెండవవారిలో మేమున్నాము. మిత్రులు ‘కిస్మత్’ అని ఓదార్చారు. మాకది అంత తేలికగా రుచించలేదు.

ఫుట్‌బాల్‌లో 90 నిమిషాల శ్రమకు ఫలితం తరచు ఒకటి రెండు గోల్సే. ఆటంతా బంతిని తన వశంలో ఉంచుకున్న జట్టు సయితం ఒక్క కార్నర్ కిక్కుతో, ఒక్కరి కాలు జారడంతో ఓడిపోవచ్చు. 1950 ప్రపంచ కప్పులో ఇంగ్లండును అమెరికా 1-0తో ఓడించినది ఇటువంటి ఆటలోనే. బాస్కెట్‌బాల్‌లోనో, అవకాశాలు పదులకొద్దీ వస్తాయి. ఒకసారి కలిసివచ్చిన అదృష్టం పదిసార్లు కలిసిరాదు. చివరకు నేర్పే మిగులుతుంది.

అందుకే అమెరికా కళాశాలల పురుషుల పోటీలో 1985 మొదలు 16వ శ్రేణి జట్లు మొదటి శ్రేణి జట్లతో 135 సార్లు తలపడి, 135 సార్లూ ఓడాయి. 2018లో మాత్రం బాల్టిమోర్ కౌంటీలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయ జట్టు వర్జీనియాను 74-54తో ఓడించింది. ఆనాడు వారు దూరం నుండి వేసిన 24 బంతులలో 12 బుట్టలో పడ్డాయి. దూరపు బుట్టకు మూడు పాయింట్లు గదా! మేమో, పొడగరుల చేతుల కిందికే పదే పదే పోయి బంతిని పోగొట్టుకున్నాము. ఆ మందలింపునకు మేము అర్హులమే.

కాని వచ్చే సంవత్సరం మా ఆటకు కొత్త బంతులు అనవసరమని కమిటీవారు తలపోస్తున్నట్లు విన్నాము. ఉన్నవి రెండు. వాటిలో ఒకదానికి గాలి నిలవదు.