స్టీరింగ్ లేని ప్రయాణం

2019 జనవరిలో అరకు బెలూన్ ఉత్సవానికి మేము పిల్లలతో వెళ్లాం. పెద్దమ్మాయి ఎక్కుతానని పట్టుబట్టింది. "ప్రార్థన చేసుకుని ఎక్కితే సరి" అన్నాం. "మరి నాన్నా, దీనికి స్టీరింగ్ ఏది?" అంది. మా దగ్గర జవాబు లేదు. ఆ రోజు ఎక్కలేదు.

ఇంటికొచ్చి చదివాం. నిజంగానే స్టీరింగ్ ఉండదు. మంట పెంచితే లేస్తుంది, లోపలి గాలి చల్లారితే దిగుతుంది. ఎటు వెళ్లాలన్నది బయటి గాలి ఇష్టం. అందుకే గాలి నెమ్మదించే తెల్లవారుజామునే ఎక్కువగా ఎగరేస్తారు. 2013 ఫిబ్రవరిలో ఈజిప్టులోని లక్సర్ దగ్గర, దిగే సమయంలో ఇంధన గొట్టం లీకై మంటలు లేచి 19 మంది చనిపోయారు. 2016 జూలైలో అమెరికాలోని టెక్సస్‌లో పొగమంచు, మబ్బు ఉన్నా ఎగిరిన బెలూన్ కరెంటు తీగలకు తగిలింది. అందులోని 16 మందీ పోయారు.

డబ్బు కట్టినవాళ్లు గొణిగినా "ఈ రోజు వద్దు" అనగలిగినవాడే మంచి పైలట్.

దేవాలయ శిఖరం మీద నుంచి దూకమంటే ప్రభువు దూకలేదు. తండ్రి మీద నమ్మకం లేక కాదు. మేమేమో అడగాల్సిన ప్రశ్న మానేసి ప్రార్థన చేయబోయాం. బిడ్డ అడిగింది.

ఇప్పుడెవరైనా ఎక్కుతామంటే, గాలి ఎలా ఉందో, పైలట్‌కు లైసెన్సు ఉందో ముందు కనుక్కోమంటాం. ఆ తర్వాత కలిసి ప్రార్థిస్తాం.