నిమ్మకాయలు, హెల్మెట్టు, రూట్ 66

"హేతువాదులు ప్రయాణానికి ముహూర్తం ఎలా పెట్టుకుంటారండీ?" అని మా సంఘంలో ఒక మిత్రుడు అడిగాడు. ఎగతాళికే అడిగాడు గానీ, ఈ ఆరు నెలలుగా నేను చేస్తున్న పని అదే. అందుకని జవాబు రాస్తున్నాను.

చికాగోలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడి కొడుకూ నేనూ కలిసి మోటార్ సైకిళ్ల మీద రూట్ 66 మొత్తం వెళ్లాలనుకుంటున్నాం. ఆ రోడ్డు 1926 నవంబర్ 11న పుట్టింది. చికాగోలో మొదలై, ఎనిమిది రాష్ట్రాలు దాటి, పసిఫిక్ సముద్రం ఒడ్డున శాంటా మోనికాలో ఆగుతుంది. 2,448 మైళ్లు, అంటే సుమారు 3,940 కిలోమీటర్లు. పెద్ద హైవేలు వచ్చాక దాని అవసరం తీరిపోయి, 1985లో జాబితా నుంచి తీసేశారు. పాత రోడ్డు చాలా చోట్ల ఇంకా ఉంది, లేని చోట కొత్త హైవే ఎక్కి మళ్లీ దిగాలి. పదహారు రోజులకు పంచితే రోజుకు 246 కిలోమీటర్లు. భోపాలపట్నం నుంచి జగదల్‌పూర్ వెళ్లి, ఇంకొంచెం ముందుకు వెళ్లినట్టు. బీజాపూర్‌లో ఉండేవాడిని, నాకు ఆ లెక్కయితే బాగా అర్థమవుతుంది.

ఇక ముహూర్తం. మా అమ్మ పంతులు గారిని అడిగింది. ఆయన రాహుకాలం, దుర్ముహూర్తం చూసి రోజు చెప్పారు. రాహుకాలం అంటే సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా ఉన్న పగటిని ఎనిమిది భాగాలు చేసి, అందులో ఒకటి చెడ్డదనడం. ఏ ఊరి సూర్యోదయం అని అడిగాను. మేం వెళ్లే దారిలో గడియారాలు మూడు రకాలు. పైగా ఆరిజోనా వాళ్లు వేసవిలో అందరిలాగా గడియారం ముందుకు జరపరు. ఆయన కాసేపు ఆలోచించి "ఇక్కడి టైమే చూసుకోండి" అన్నారు. ఇక్కడ పొద్దున తొమ్మిదైతే అక్కడ అర్ధరాత్రి కావస్తుంటుంది.

మేం పెట్టుకున్న ముహూర్తం వేరు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఓక్లహామా వైపు టోర్నడోలు ఎక్కువ. జూలై, ఆగస్టుల్లో మొహావీ ఎడారిలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. చలికాలంలో ఆరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గర మంచు పడుతుంది, అది ఏడు వేల అడుగుల ఎత్తున ఉన్న ఊరు. ఇవన్నీ తీసేస్తే మిగిలేది సెప్టెంబర్, అక్టోబర్. "అప్పుడు మహాలయ పక్షం వస్తది, ఎట్ల పోతవు?" అంది అమ్మ. ఆ మాట దగ్గర ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. ఎందుకో తర్వాత చెబుతాను.

నిజానికి బీజాపూర్ వాళ్లకు ప్రయాణం ఎలా ప్లాన్ చేయాలో ఎవరూ నేర్పక్కర్లేదు. 2005లో సల్వా జుడుం మొదలైన తర్వాతి ఏళ్లలో, రోడ్డుకు అడ్డంగా చెట్లు పడేసి ఉన్నాయో, ఎక్కడైనా రోడ్డు తవ్వేశారో తెలియకుండా బయల్దేరేవాళ్లం కాదు. అప్పుడు పంచాంగం చూసినవాణ్ణి నేనైతే చూడలేదు. ఎదురొచ్చే లారీని ఆపి "ఆగే రాస్తా ఖులా హై క్యా?" అని అడిగేవాళ్లు. డ్రైవర్ తెలుగువాడైతే తెలుగులో. ఇప్పుడే ఆ దారిన వచ్చినవాడి మాటకున్న విలువ ఇంకెవరి మాటకూ లేదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు అందరూ హేతువాదులే అని నాకప్పుడు అనిపించింది.

రూట్ 66 గురించి చదువుతుంటే ఇదే మళ్లీ కనబడింది. ఇప్పుడు ఆ రోడ్డును స్వేచ్ఛకు గుర్తుగా అమ్ముతున్నారు, టీషర్టుల మీద, టీ కప్పుల మీద. కానీ ఆ కాలంలో నల్లజాతి వాళ్లకు ఆ దారిలో చాలా హోటళ్లలో గది ఇచ్చేవారు కాదు. పొద్దుగూకాక కనబడకూడదని ఆంక్ష పెట్టిన ఊళ్లు కూడా ఉండేవి. న్యూయార్క్ హార్లెంలో విక్టర్ హ్యూగో గ్రీన్ అనే పోస్ట్‌మన్ 1936లో ఒక చిన్న పుస్తకం మొదలుపెట్టాడు. ఏ ఊళ్లో ఎక్కడ తినొచ్చు, ఎక్కడ పడుకోవచ్చు అన్న చిరునామాలు అందులో ఉండేవి. దాన్ని గ్రీన్ బుక్ అనేవారు. 1960లలో పౌరహక్కుల చట్టం వచ్చేదాకా ఆ పుస్తకం అవసరం తీరలేదు. తాయెత్తు కట్టుకోవడానికీ ఈ పుస్తకం జేబులో పెట్టుకోవడానికీ ఉన్న తేడా చెప్పమంటే, హేతువాదం మీద ఒక పూట ఉపన్యాసం ఇవ్వొచ్చు.

కాగితాల పని పెద్దగా లేదు. ఆర్టీవో ఆఫీసులో వెయ్యి రూపాయలు కడితే ఏడాది చెల్లే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఇస్తారు. వీసా ఇంటర్వ్యూ ఇంకా కాలేదు. బండి అద్దెకు చికాగోలో తీసుకుని లాస్ ఏంజెలెస్‌లో అప్పగిస్తే అదనంగా కట్టాలి. కుడిపక్కన నడపడం అక్కడికెళ్లాక అలవాటు చేసుకోవాలి, దానికి రెండు రోజులు వేరే పెట్టుకున్నాం.

గొడవంతా హెల్మెట్ దగ్గర వచ్చింది. ఒక రాత్రి వాడు ఫోన్ చేసి, "పెద్దనాన్నా, ఇల్లినాయిస్‌లో హెల్మెట్ చట్టమే లేదు తెలుసా?" అన్నాడు సంబరంగా. నిజమే. ఎనిమిది రాష్ట్రాల్లో అందరికీ తప్పనిసరి చేసింది కాలిఫోర్నియా ఒక్కటే. మిగతా చోట్ల ఒక వయసు దాటితే మినహాయింపు ఉంది. మిజూరీలో ఆ వయసు 26. వీడికి 25, కాబట్టి అక్కడ మాత్రం తప్పదని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. 2004లో, బీజాపూర్ ఇంకా జిల్లా కాకముందు, మా తమ్ముడు కొత్త బండి కొన్నాడు. గుడి దగ్గర పూజ, చక్రాల కింద నిమ్మకాయలు, హ్యాండిల్‌కు నిమ్మకాయా మిరపకాయలూ. నేను పూజకు వెళ్లలేదు. వెళ్లకపోగా ఇంట్లో అరగంట వాదించాను, దిష్టికీ సిట్రిక్ ఆమ్లానికీ సంబంధం ఏమిటని. రెండు నెలలకు, మద్దేడు దాటాక, మసక చీకట్లో గేదె అడ్డం వచ్చి పడిపోయాడు. తలకు దెబ్బ. బండికి గీతలు తప్ప ఏమీ కాలేదు. నిమ్మకాయ కట్టింది కట్టినట్టే ఉంది.

"నువ్వు ఆనాడు గుడికి రాకపోతివి బిడ్డా, అందుకే గిట్లయ్యింది" అంది అమ్మ. చాలా ఏళ్లు ఆ మాటను మూఢనమ్మకం అని కొట్టేశాను. కొట్టేయాల్సిందే కూడా. కానీ నాకు తెలిసిన సంగతి ఒకటుంది. ఆ అరగంటా నేను నిమ్మకాయల గురించే మాట్లాడాను. బండితో పాటు కొన్న హెల్మెట్ ప్లాస్టిక్ కవర్లో నా ఎదురుగానే బీరువా మీద ఉంది. దాని గురించి ఒక్క మాట అనలేదు. నేను కూడా అప్పట్లో పెట్టుకునేవాణ్ణి కాదు.

2008లో వచ్చిన ఒక వైద్య సమీక్ష, అనేక అధ్యయనాలు కలిపి చూసి, హెల్మెట్ వల్ల మరణం ముప్పు 42 శాతం, తలకు గాయం ముప్పు 69 శాతం తగ్గుతాయని చెప్పింది. ఇవి సగటు లెక్కలు. తమ్ముడు బతికేవాడని ఇవి చెప్పవు, నేనూ చెప్పలేను.

ఆ రాత్రి ఫోన్‌లో వాడికి ఇదంతా చెప్పాను. వాళ్ల నాన్న పోయేనాటికి వాడికి మూడేళ్లు. ఇన్నాళ్లూ "రాత" అని మాత్రమే విన్నాడట. "హెల్మెట్ ఇంట్లోనే ఉండెనా?" అని రెండుసార్లు అడిగాడు. తర్వాత ఫోన్ పెట్టేశాడు. వారం రోజులు మాట్లాడలేదు. ట్రిప్పు ఇక లేదేమో అనుకున్నాను.

ఈలోగా అమ్మ ఒక రాజీ తెచ్చింది. మహాలయ పక్షమైనా వెళ్లొచ్చు, కానీ రెండు నిమ్మకాయలు పట్టుకుపోవాలి. అమెరికాలో దిగేటప్పుడు పండ్లు ఉన్నాయని చెప్పాలి, సాధారణంగా అక్కడే తీసేసుకుంటారని చెప్పాను. "ఏం, అక్కడ నిమ్మకాయలు దొరకవా?" అంది. దొరుకుతాయనే చెప్పాల్సి వచ్చింది.

మొన్న ఆదివారం వాడు ఫోన్ చేశాడు. ముఖమంతా కప్పే హెల్మెట్లు రెండు చూశాడట, నా తల కొలత చెప్పమన్నాడు. కుట్టుమిషన్ డ్రాయర్లోంచి అమ్మ టేపు తెచ్చి, తనే కొలిచింది. 57 సెంటీమీటర్లు. నిమ్మకాయల సంగతి ఇంకా తేలలేదు.