గజ్జల్లో బిళ్ల కట్టాకే వస్తున్నారు

హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి 1955 నుంచి పేదవాళ్లకు పెద్ద దిక్కు. పొద్దున తొమ్మిది గంటలకే ఓపీ ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. మగవాళ్లకు మాత్రమే వచ్చే క్యాన్సర్ల గురించి తెలుసుకుందామని వెళ్లాను. రొమ్ము క్యాన్సర్ గురించి మన ఊళ్లలో ఇప్పుడు కాస్తయినా మాట వినబడుతోంది. అంగానికి, వృషణాలకు, ప్రొస్టేట్ గ్రంథికి వచ్చే క్యాన్సర్ల గురించి ఏ పీహెచ్‌సీ గోడ మీదా ఒక పోస్టరు చూసిన గుర్తు నాకు లేదు.

వరుసలో ఉన్న మగవాళ్లలో చాలామంది ఫైళ్లు భార్యల చేతుల్లో ఉన్నాయి. డాక్టరు అడిగితే జవాబు చెప్పేదీ వాళ్లే.

యాభై దాటిన ఒక రైతు తలగుడ్డ ఒళ్లో పెట్టుకుని, నేల చూస్తూ మాట్లాడాడు. “మొదట చిన్న పొక్కు లెక్క ఉండె సారూ. అది ఒకలకు చెప్పుకునే జాగనా?” ఊళ్లో ఆర్‌ఎంపీ సుఖరోగమని చెప్పి, పూత మందు ఇచ్చి సూదులు వేశాడు. ఆ మాట ఇంట్లో చిచ్చు పెట్టింది. నెలల తరబడి ఆలుమగల మధ్య మాటల్లేవు. “వాసన వస్తుంటె నేనే అడిగిన. చెప్పలె. ఆఖరుకు బిడ్డ మీద ఒట్టు పెట్టిచ్చి చూసిన” అంది ఆమె. చూసిన మర్నాడే బస్సెక్కించింది. అప్పటికే గజ్జల్లో రెండువైపులా బిళ్లలు కట్టాయి.

ఆ బిళ్లల గురించే సర్జన్ ఎక్కువసేపు చెప్పారు. అంగ క్యాన్సర్ మొదట పాకేది గజ్జల్లోని గ్రంథులకే. పుండు చిన్నగా ఉన్నప్పుడే వస్తే కొంత భాగం మాత్రమే తీస్తారు. చాలామంది మునుపటిలాగే నిలబడి మూత్రం పోసుకోగలరు, దాంపత్యమూ పూర్తిగా పోదు. కొందరికి రేడియేషన్‌తోనే సరిపోతుంది. గజ్జలు దాటి పొత్తికడుపులోకి పోతే మాత్రం బతికించడం కష్టం. ముందు తోలు వెనక్కి రాకపోవడం, దాని కింద శుభ్రం లేకపోవడం, పొగాకు, హెచ్‌పీవీ వైరస్ దీనికి ముఖ్యమైన కారణాలు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యేదీ ఈ వైరసే. పసితనంలో సున్తీ జరిగినవాళ్లలో ఈ జబ్బు అరుదు. తోలు బిగుసుకుపోయిందంటే అది చిన్న ఆపరేషన్‌తో పోయే ఇబ్బంది. దాన్ని ముప్పై ఏళ్లు దాచుకుని పెద్ద ఆపరేషన్‌కు రావడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోయింది.

కీమో వార్డులో పాతికేళ్లు నిండని కుర్రాడు కనిపించాడు. బీజంలో గట్టిగా గడ్డ తగిలినా నొప్పి లేదు కాబట్టి ఊరుకున్నాడు. తర్వాత ఎక్కడో చిన్న ఆసుపత్రిలో వరిబీజమనుకుని సంచి మీదే కోశారు. వృషణంలో క్యాన్సర్ అనుమానం ఉంటే సూది గుచ్చకూడదు, సంచి కోయకూడదు. గజ్జ దగ్గర కోసి బీజాన్ని మొత్తంగా బయటికి తీయాలి. లేకపోతే జబ్బు కొత్త దారులు పడుతుంది. ముందు స్కానింగు, ఏఎఫ్‌పీ, హెచ్‌సీజీ రక్తపరీక్షలు చేయించాలి.

అయినా ఆ కుర్రాడి గురించి డాక్టర్లు ధైర్యంగానే ఉన్నారు. ఒకప్పుడు ఈ క్యాన్సర్ ఒళ్లంతా పాకితే నూటికి పదిమంది కూడా దక్కేవారు కాదు. 1974లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో లారెన్స్ ఐన్‌హార్న్ అనే డాక్టరు సిస్‌ప్లాటిన్‌ను మరో రెండు మందులతో కలిపి ఇచ్చి కథ మార్చేశారు. సిస్‌ప్లాటిన్ అంటే ప్లాటినం లోహంతో చేసిన మందు. సైక్లిస్టు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు 1996లో ఇదే క్యాన్సర్ ఊపిరితిత్తులకు, మెదడుకు పాకిన దశలో బయటపడింది. ఆయన ఈనాటికీ ఉన్నాడు. పాకిన తర్వాత కూడా ఇంత బాగా నయమయ్యే గడ్డలు చాలా తక్కువ. పెళ్లికాని కుర్రాళ్లు కీమోకు ముందే వీర్యం భద్రపరచుకోవచ్చు. ఆ మాట చికిత్స మొదలయ్యాక చెబితే లాభం లేదు.

ప్రొస్టేట్ సంగతి వేరు. అది పెద్దవయసు జబ్బు. రాత్రిళ్లు నాలుగుసార్లు లేవడం, ధార సన్నబడటం వయసు వల్లేనని వదిలేస్తారు. చాలామందికి అది మామూలు వాపే. కొందరికి మాత్రం నడుంనొప్పి మాత్రలు మింగుతుండగానే జబ్బు ఎముకలకు ఎక్కుతుంది. అప్పుడు కాళ్లలో సత్తువ తగ్గిందంటే ఒక్కరోజు కూడా ఆగకూడదు. వెన్నుపాము నలిగితే మళ్లీ నడక రాకపోవచ్చు. మగ హార్మోనును తగ్గిస్తే ఈ క్యాన్సర్ అణుగుతుందని 1941లో చార్లెస్ హగ్గిన్స్ చూపారు. 1966లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఇప్పటికీ వైద్యానికి పునాది అదే. ఆ హార్మోను తగ్గించే ఇంజెక్షన్లు పదేపదే చేయించుకోలేనివాళ్లకు వృషణాలు తీసే ఆపరేషన్ ఒక్కసారితో అయిపోతుంది. ఆ తర్వాత ఒళ్లంతా ఆవిర్లు వస్తాయి, నీరసం, ఊరికే ఏడుపు వస్తాయి. ఇవి చికిత్స వల్ల వచ్చేవని ముందే చెప్పకపోతే ముసలాయన తనకు పిచ్చెక్కిందనుకుంటాడు.

నొప్పి నివారణ విభాగంలో మార్ఫిన్ ఇస్తారు. అలవాటు పడిపోతామని భయపడి మాత్రలు దాచేవాళ్లూ ఉన్నారు. “ఓర్చుకోవాల్సిన పని లేదు పెద్దాయనా, టైముకు వేసుకో” అని నర్సు ఒకామె ఒక్కొక్కరికీ చెబుతోంది. ఆపరేషన్ తర్వాత మొగుడినీ పెళ్లాన్నీ విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడే మనిషి ప్రతి క్యాన్సర్ ఆసుపత్రిలోనూ ఉండాలి. అది మందుతో సమానమని నా నమ్మకం.

ప్రభుత్వం ముప్పై దాటినవాళ్లకు చేసే పరీక్షల్లో నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లే ఉన్నాయి. ఇంటింటికీ వచ్చేది ఆశా కార్యకర్త. ఆమెకు ఏ మగవాడు ఇలాంటి జబ్బు సంగతి చెబుతాడు? ఊరికి వచ్చే మగ ఆరోగ్య కార్యకర్త చేత రెండు ప్రశ్నలు అడిగించినా ఎన్నో ప్రాణాలు నిలబడతాయి.

అంతదాకా మనమే చూసుకోవాలి. అంగం మీద పుండు రెండు వారాలకు మానకపోతే, బీజంలో నొప్పి లేకుండా గడ్డ తగిలితే, మూత్రంలో రక్తం కనిపిస్తే ఆ వారంలోనే యూరాలజీ డాక్టరుకు చూపించండి. ఆరోగ్యశ్రీ కార్డు, ఆధార్ వెంట తీసుకెళ్లండి. మగపిల్లాడికి ఆరు నెలలొచ్చినా బీజం సంచిలోకి దిగకపోతే డాక్టరుకు చూపించి, ఏడాదిన్నర లోపే ఆపరేషన్ చేయించండి. అలా దిగనివాళ్లకు పెద్దయ్యాక వృషణ క్యాన్సర్ ముప్పు ఎక్కువ.