చేయి ఆగినప్పుడు

వానలు తప్పిన యేడు మా అనంతపురం సీమలో అన్నిటికీ కరువే గాని, ఆడుకునే నేలకు మాత్రం కరువు లేదు. సంవత్సరానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేని వాన, పడే ఈ మెట్ట ప్రాంతంలో శనక్కాయ పెరికిన చేలు, నీళ్ళు చేరని చెరువులు పిల్లలకు క్రికెట్ మైదానాలవుతాయి. 1969లో విన్సెంట్ ఫెర్రర్ గారు స్థాపించిన ఆర్.డి.టి. సంస్థవారి మైదానంలో 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ పోటీలు జరిగినప్పుడు మేమూ పిల్లలను వెంటబెట్టుకొని వెళ్ళాము. అప్పటినుండి మా ఇంట్లో క్రికెట్ ఒక ఆట మాత్రమే కాదు, భోజనాల దగ్గర మాట్లాడుకునే విషయం కూడా అయింది. అలా మాట్లాడుకున్న ఒక సంగతి తలిదండ్రులందరికీ పనికివస్తుందని ఇక్కడ వ్రాస్తున్నాము.

మా రెండవవాడికి పదిహేనేళ్ళు. బౌలింగ్ చేస్తాడు. ఎండిన చెరువులో పక్క ఊరి పిల్లలతో జరిగిన ఒక పందెంలో ఆఖరి ఓవరు వాడిదే. వాడు పరుగెత్తి వచ్చిన ప్రతిసారీ, బౌలర్ వైపు నిలిచిన బ్యాట్స్‌మన్ బంతి పడకముందే నాలుగడుగులు గీత దాటి పోతున్నాడు. "కొట్రా! వికెట్లకు కొట్రా!" అని స్నేహితులు అరుస్తూనే వున్నారు. వీడు ఒకసారి ఆగాడు, చెయ్యి ఎత్తాడు, కొట్టలేదు. ఆ మరుసటి బంతికే ఆ అబ్బాయి ముందే పరుగెత్తి రెండవ పరుగు పూర్తిచేశాడు. మనవాళ్ళు ఓడిపోయారు.

ఆ సాయంత్రం వాణ్ణి గూర్చి రెండు తీర్పులు విన్నాము. తోటి పిల్లలు "పిరికోడు" అన్నారు. వీధిలోని పెద్దలు "ఎంత మంచి పిల్లోడు, మోసానికి ఒప్పుకోలేదు" అన్నారు. రెండు మాటలూ వాడికి నచ్చలేదు. రెండు రోజులు సరిగా అన్నం తినలేదు, బంతి ముట్టలేదు.

అసలు అలా ఔట్ చేయడం మోసమా? ఈ ప్రశ్న చాలా పాతది. 1947 డిసెంబరులో సిడ్నీ టెస్టులో మన వినూ మన్కడ్, ఆస్ట్రేలియా ఆటగాడు బిల్ బ్రౌన్‌ను ఇలాగే ఔట్ చేశాడు. అంతకు నెలముందు మరొక ఆటలో అతణ్ణి మొదట హెచ్చరించి, తర్వాతనే ఔట్ చేసి వున్నాడు. అయినా చాలా కాలం ఇటువంటి ఔట్‌కు మన్కడ్ పేరే పెట్టి, అదొక మచ్చలాగా చెప్పుకున్నారు. ఆస్ట్రేలియా కెప్టెన్ బ్రాడ్‌మన్ మాత్రం మన్కడ్ చేసినదానిలో తప్పు లేదని తన పుస్తకంలో సమర్థించాడు. 2022 సెప్టెంబరు 24న లార్డ్స్ మైదానంలో మన దీప్తి శర్మ ఇంగ్లండు అమ్మాయి చార్లీ డీన్‌ను ఇలా ఔట్ చేసి ఆట ముగించినప్పుడు కూడా ప్రపంచమంతా వాదించుకున్నది. ఆ మరుసటి వారమే, అక్టోబరు 1 నుండి, అంతకుముందే నిర్ణయించిన ప్రకారం ఈ నియమం 'అనుచితమైన ఆట' అనే అధ్యాయం నుండి మామూలు 'రనౌట్' అధ్యాయానికి మారింది. బౌలర్ బంతిని వదలవలసిన క్షణానికి ముందు గీత దాటినవాణ్ణి ఔట్ చేయవచ్చు. ముందుగా హెచ్చరించాలన్న నిబంధన కూడా లేదు. కాబట్టి తప్పెవరిదని అడిగితే, ముందుగా అడుగు దొంగిలించినవానిదే.

అయితే కొట్టనివారు కూడా గొప్పవారే. 1987 ప్రపంచ కప్‌లో లాహోరులో వెస్టిండీస్ బౌలర్ కోర్ట్నీ వాల్ష్ ఆఖరి బంతికి పరుగెత్తి వచ్చి ఆగాడు. పాకిస్తాన్ ఆఖరి బ్యాట్స్‌మన్ సలీం జాఫర్ గీత దాటి చాలా దూరం పోయి వున్నాడు. వికెట్లకు తాకిస్తే ఆట ముగిసేది. వాల్ష్ తాకించలేదు. పాకిస్తాన్ ఆ బంతికి కావలసిన రెండు పరుగులు తీసి గెలిచింది. వెస్టిండీస్ సెమీఫైనల్‌కు చేరలేదు. ఈ కథ మా పిల్లవాడికి చెప్పి, "నీవూ వాల్ష్ లాంటివాడివేరా" అందామనుకున్నాము. కాని ముందు వాణ్ణే అడిగితే మంచిదనిపించింది.

వాడు చాలాసేపు నేల చూసి, "వాని మీద జాలిపడి కాదు నాయనా. కొట్టేదానికి పోయి తగలకుంటే అందరూ నగుతారని" అన్నాడు.

ఆ ఒక్క మాట మమ్మల్ని ఆలోచింపజేసింది. వాల్ష్ చేయీ ఆగింది, వీడి చేయీ ఆగింది. చూసేవారికి రెండూ ఒకటే. ఒకటి కొట్టగలిగి కొట్టకపోవడం, మరొకటి కొట్టలేకపోవడం.

అమెరికాలో బేస్‌బాల్ అనే ఆట వుంది. అందులో బంతి విసిరేవాణ్ణి పిచర్ అంటారు. బేస్ మీద నిలిచినవాడు కొన్ని అడుగులు ముందుకు జరిగి, వీలైతే తర్వాతి బేస్‌ను 'దొంగిలిస్తాడు'. పిచర్ అప్పుడప్పుడు ఆ బేస్‌కు బంతి విసిరి అతణ్ణి అదుపులో వుంచాలి. జాన్ లెస్టర్ అనే పేరుమోసిన పిచర్ వుండేవాడు. 2006లో క్యాన్సర్ వస్తే చికిత్స పొంది, మరుసటి సంవత్సరమే బోస్టన్ జట్టుకు వరల్డ్ సిరీస్ ఆఖరి ఆటను గెలిచిపెట్టాడు. అంతటివాడు మొదటి బేస్‌కు బంతి విసరడానికి జంకేవాడు. 2013 ఏప్రిల్ తర్వాత దాదాపు రెండేళ్ళు ఒక్కసారి కూడా ఆ వైపు విసరలేదు. 2014 సెప్టెంబరు 30న ఓడితే ఇంటికి వెళ్ళవలసిన ఆటలో కాన్సాస్ సిటీవారు ఏడు బేస్‌లు దొంగిలించారు. అన్నీ అతని చేతి మీదివే కాకపోయినా, అతని జంకు అందరికీ తెలిసిపోయింది. మరణాన్ని ఎదుర్కొన్నవాడికి కూడా చిన్న పనిలో చేయి ఆడకపోవచ్చునని దీనివలన తెలుస్తుంది. ఇటువంటివాణ్ణి తిట్టి లాభం లేదు, పొగిడీ లాభం లేదు. తర్వాత అతడు చేరిన చికాగో జట్టులో డేవిడ్ రాస్ అనే కేచర్ తానే మొదటి బేస్‌కు బంతి విసిరి, పరుగెత్తేవారిని అదుపు చేసేవాడు. 2016లో ఆ జట్టు 108 సంవత్సరాల తర్వాత వరల్డ్ సిరీస్ గెలిచింది. కొంతకాలానికి లెస్టర్ కూడా నేలకు ఒక తాపు తగిలేలా విసిరే సులువైన పద్ధతి నేర్చుకున్నాడు.

ఇది ఆటకు మాత్రమే చెందిన సంగతి కాదు. మా బంధువులలో ఒక పెద్దాయన పొలం పక్కవాడు ఏటా దున్నేటప్పుడు గెనిమను ఒక్క సాలు ఇటు జరిపేవాడు. "ఒక్క సాలే కదా, తగవెందుకు" అని పెద్దాయన ఊరుకున్నారు. ఊరంతా ఆయనను శాంతమూర్తి అన్నది. పన్నెండేళ్ళకు సర్వేయరు వచ్చి గొలుసు పట్టేసరికి పోయినది ఒక్క సాలు కాదు. అప్పుడు లేచిన కోపానికి రెండు ఇళ్ళమధ్య మాటలు నిలిచిపోయాయి. మొదటి సంవత్సరమే గెనిమ మీద నిలిచి, "తమ్ముడూ, హద్దు ఇదిగో" అని మెల్లగా చెప్పి వుంటే పొలమూ నిలిచేది, స్నేహమూ నిలిచేది. వేళకు చెప్పిన చిన్న మాట అవతలివాణ్ణి కూడా పెద్ద తప్పునుండి కాపాడుతుంది.

మా వాడితో మేము చెప్పింది ఇంతే: "కొట్టమనీ చెప్పము, కొట్టవద్దనీ చెప్పము. కాని కొట్టడం నేర్చుకో. నేర్చుకున్న తర్వాత కొట్టకుండా వుంటే అది నీ దయ. అంతవరకు దానికి దయ అని పేరు పెట్టుకోవద్దు."

మరునాటినుండి వాడూ వాడి అన్నా చేలో ఒక పుల్ల పాతుకొని సాధన మొదలుపెట్టారు. పరుగెత్తి రావడం, ఆగడం, తిరగడం, తాకించడం. మొదట్లో పది సార్లకు ఆరుసార్లు తప్పేది. అన్న నవ్వేవాడు. కొన్నాళ్ళకు వీడూ నవ్వడం నేర్చుకున్నాడు. తర్వాత జరిగిన పందెంలో ఒకడు గీత దాటినప్పుడు వీడు ఆగి, బంతిని వికెట్ల దగ్గర పట్టి, "అన్నా, లోపల వుండు, మళ్ళీ చెప్పను" అన్నాడట. ఆ అబ్బాయి వెనక్కి వచ్చి, ఆట అయ్యేదాకా గీత దాటలేదట. ఆ రోజు ఎవరు గెలిచారో అడగడం మేము మరచిపోయాము.

మీ ఇంట్లో కూడా మెత్తని పిల్లలు వుండవచ్చు. పుస్తకం తీసుకున్నవాణ్ణి తిరిగి అడగలేనివారు, వరుసలో ముందుకు తోసుకొచ్చినవాణ్ణి వారించలేనివారు వుంటారు. వారిని వెంటనే మంచివారని మెచ్చుకోవద్దు, చేతకానివారని కించపరచవద్దు. దగ్గర కూర్చోబెట్టుకొని, "ఎందుకు ఆగావు నాయనా?" అని అడగండి. జవాబు వచ్చేదాకా ఓపికగా వుండండి.