ఎవరి ఎడమ?

ముప్పైయేళ్లకు పైగా తెలుగు వ్యాకరణం చెప్పిన పంతులు బ్రేకుల గురించి రాయడమేమిటని మిత్రులు నవ్వుకోవచ్చు. నవ్వినా ఫరవాలేదు. జరిగిన తప్పులో మాటల పాలే ఎక్కువ కనుక, రాయడానికి నాకు కొంత అధికారం ఉందనుకుంటాను.

మా చిన్నవాడు మార్కాపురంలో లేతు మిషను మీద పనిచేస్తాడు. రెండేళ్ల కిందట వేలంలో ఒక పాత మహీంద్రా జీపు కొని, ఇంటి వెనుక రేకుల షెడ్డులో దాన్ని మేకు మేకూ విప్పి, మళ్లీ కట్టడం మొదలుపెట్టాడు. ఆ కాలపు జీపులకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. "కొండదారిలో తిరిగే బండి నాయనా, ముందు డిస్కులుండాలి" అని, తుక్కు కింద కొన్న మరో జీపును వాకిట్లో నిలిపి, దాని డిస్కులూ వాటిని పట్టే కాలిపర్లూ ఊడదీశాడు. వాడు ఒక్కొక్కటే విప్పుతుంటే నేను ఎదురుగా కుర్చీ వేసుకుని, ప్రతి భాగానికీ చీటీ రాసి దారంతో కట్టాను. నా దస్తూరీ బాగుంటుందని ఆ పని నాకు అప్పగించాడు.

నిరుడు మాఘమాసంలో బండి నిలబడింది. మా మనవడి పుట్టువెంట్రుకలు మహానందిలో తీయించాలని ముహూర్తం పెట్టుకున్నాము. కంభం, గిద్దలూరు మీదుగా దిగువమెట్ట చేరి, నల్లమల ఘాటు ఎక్కి, గాజులపల్లె వైపు దిగాలి. కొత్త జీపులోనే పోదామని అల్లుడికి మాట ఇచ్చేశాను.

తీరా చూస్తే బ్రేకు పెడలు మెత్తగా దిగిపోతున్నది. నాలుగుసార్లు గబగబా తొక్కితే కొంత పైకి లేస్తుంది, బండి ఆగుతుంది. కాసేపటికి మళ్లీ దూదిమూట తొక్కినట్టే.

కారణమేమిటని అడిగితే వాడు మా ఊరి పలక మీదే బొమ్మ వేసి చెప్పాడు. గొట్టాల్లో ఉన్న ఆయిలు నొక్కితే తగ్గదు, కనుక పాదం బలం చక్రం దాకా పోతుంది. పాస్కల్ సూత్రం అదే. గాలి మాత్రం నొక్కితే కుదించుకుపోతుంది. మధ్యలో ఒక బుడగ చిక్కితే మన బలమంతా ఆ బుడగను నలపడానికే ఖర్చవుతుంది.

మూడు రోజులు గాలి తీశాము. నేను సీట్లో, వాడు చక్రం దగ్గర. "తొక్కు నాయనా... పట్టుకో... ఇంక వదులు." వాడు నిపిలు బిగించకముందే నేను పాదం తీస్తే గాలి తిరిగి లోపలికి పోతుంది. బడిలో నేను పెట్టిన క్రమశిక్షణ అంతా వాడు నాకు వడ్డీతో అప్పజెప్పాడు. వెనుక ఎడమ చక్రం నుంచి మొదలుపెట్టి నాలుగూ చుట్టాము. కారడం ఎక్కడా లేదు. వెనుక డ్రమ్ముల్లో షూల ఎడం సరిచేశాడు. పెడలు మెత్తదనం పోలేదు.

ముహూర్తం ముందురోజు రాత్రి వాడు చేతులు తుడుచుకుంటూ, "ఈ బండి కొండ దిగదు" అన్నాడు. నాకు కోపం వచ్చింది. "నాలుగుసార్లు తొక్కితే ఆగుతున్నది కదరా! నీవి ఎప్పుడూ సగం పనులే. చదువూ అంతే, ఇదీ అంతే" అన్నాను. వాడు మాట్లాడలేదు. తాళంచెవి మాత్రం ఇవ్వలేదు.

అందరం బస్సులో పోయాము, వాడు తప్ప. ఘాటు దిగేటప్పుడు డ్రైవరు చిన్న గేరు వేసి, ఇంజను పట్టు మీదనే బండిని నడిపించాడు. మలుపుల్లో మాత్రం బ్రేకు తాకించాడు. ఆ మలుపుల్లో నాలుగుసార్లు తొక్కే వ్యవధి ఎక్కడుందో వెతికాను. కనపడలేదు. పైగా వాడు చెప్పినది గుర్తొచ్చింది: డాట్ 3 ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల సెల్సియస్ వరకైనా మరగకూడదు, గాలిలోని తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 140కి పడిపోతుంది. దిగుడులో బ్రేకులు కాగి ఆయిలు మరిగితే ఆవిరి పుడుతుంది. ఆవిరీ గాలిలాగే నలుగుతుంది. అప్పుడు మంచి బండికే పెడలు నేలకు తగులుతుంది.

మేము తిరిగి వచ్చేసరికి వాడు దోషం పట్టుకున్నాడు. మాస్టరు సిలిండరు నుంచి బయటికి పోయే దారులు మూసి తొక్కితే పెడలు రాయిలా ఉంది. అంటే సిలిండరు మంచిదే. ముందు చక్రాల దారి ఒక్కటే మూసి తొక్కినా గట్టిగానే ఉంది. కాబట్టి బుడగ ముందువైపే ఉంది. కాలిపరు దగ్గర తల వంచి చూస్తే, గాలి తీసే నిపిలు అడుగున ఉంది! బుడగ ఎప్పుడూ పైకే చేరుతుంది, తాపీమేస్త్రీ రసమట్టంలో చూడమూ? పైన గాలి కులాసాగా కూర్చుని ఉంటే, మేము మూడు రోజులు అడుగునుంచి ఆయిలు తీశాము. ఎడమ కాలిపరు కుడికీ, కుడిది ఎడమకీ బిగించబడ్డాయి.

చీటీలు వెతికి చూశాను. "ఎడమ", "కుడి" అని ముత్యాల్లాంటి అక్షరాలు. నేను తుక్కుజీపు ముఖానికి ఎదురుగా కూర్చుని, నా ఎడమచేతి వైపున్నదానికి ఎడమ అని రాశాను. బండికి ఎడమంటే సీట్లో కూర్చున్నవాడి ఎడమ. ఎవరి ఎడమో చెప్పకుండా ఎడమ అనడం అసంపూర్ణ వాక్యమని పిల్లల చేత దిద్దించిన వాడినే నేను.

"బిగించేటప్పుడు ఒకసారి చూసుకోకపోయావా?" అన్నాను నీరసంగా.

"నీ రాత కదా నాయనా, మళ్లీ చూడలేదు" అన్నాడు.

వాడు ఆ మాట నిష్ఠూరంగా అనలేదు. అందుకే ఇప్పటికీ గుచ్చుకుంటున్నది.

కాలిపర్లు మార్చి, కొత్త ఆయిలు పోసి, మళ్లీ తొక్కాను. పట్టుకున్నాను. చెప్పినప్పుడే వదిలాను. పెడలు సగం దిగకముందే గట్టిగా నిలిచింది. ఆ సాయంత్రమే అమ్మాయికి ఫోను చేసి, జీపు రాకపోవడానికి తప్పు నాదనీ, కొండ దిగనివ్వకపోవడం మీ తమ్ముడి వివేకమనీ చెప్పాను. వాడు షెడ్డులో సామాన్లు సర్దుతూ విన్నాడనే అనుకుంటాను.

ఫాల్గుణంలో మా దంపతులను వాడే ఘాటు దాటించాడు, చిన్న గేరులో. షెడ్డులో చీటీలు ఇప్పుడూ నేనే రాస్తున్నాను. "డ్రైవరు ఎడమ" అని రాసి, వాడికి చూపించాకే దారం కడుతున్నాను.